చీమల సాక్ష్యము నుండి కొలతపట్టీ వరకు

శ్రీకాకుళము నుండి ఇచ్ఛాపురము వైపు పోవు జాతీయ రహదారిపై, నరసన్నపేట దాటి టెక్కలి చేరకముందే నిమ్మాడ కూడలి వచ్చును. అక్కడ నిలిచి చూచినచో ఈ సీమ స్వరూపము కొంత తెలియగలదు. సముద్రము వైపున నౌపడా ఉప్పు మళ్ళు కలవు. ఉత్తరముగా పోయినచో పలాస, కాశీబుగ్గల జీడి కర్మాగారములు. వాని కావల కొబ్బరి, పనస, జీడిమామిడి తోటలతో నిండిన ఉద్దానము. ఉద్యానమను మాటయే వాడుకలో ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. చోడి అంబలి త్రాగి, చద్దన్నము తిని, ప్రొద్దు పొడవకముందే పనికి పోవు శ్రమజీవుల నేల ఇది. ఇట్టివారికి రక్తపుపోటు యేమి, మధుమేహమేమి, అవి మేడలలో కూర్చుండి తిను వారి జబ్బులు కావా యని చాలకాలము లోకము తలచినది. వైద్యులును అట్లే తలచిరి.

ఆ తలపు తప్పని తెలియుటకు ఎంతకాలము పట్టినది? తెలిసిన పిమ్మట, పల్లెలో ఎవరికి ఈ జబ్బులు రానున్నవో ముందుగా గుర్తించుటకు ఏయే ఉపాయములు పుట్టినవి? ఈ చరిత్రయే నేటి ప్రసంగమునకు విషయము.

జ్వరము వచ్చిన వానిని గుర్తించుట కష్టము కాదు. ఒళ్ళు తాకినచో చాలును. గాయమును కన్ను చూచును, దగ్గును చెవి వినును. కాని ఈ రెండు జబ్బులు మౌనవ్రతులు. ఏండ్ల తరబడి ఇంటిలో కాపురముండి, ఇంటివానికి తెలియకుండ దూలములను తొలుచు చెదపురుగు వంటివి. ఒకనాడు పక్షవాతముగనో, గుండెపోటుగనో, చూపు మందగించుటగనో బయటపడును. అప్పటికి ఇల్లు సగము కూలియుండును. కనుక నోరు విప్పని రోగమును నోరు విప్పించుటయే వైద్యుల ముందున్న సమస్య అయినది.

మధుమేహము మాటకు వచ్చినచో, మన పూర్వులు దానిని చక్కగా గుర్తించిరి. తేనెవలె తీయనైన మూత్రము కలది గనుకనే దానికి మధుమేహమను పేరు వచ్చినది. మూత్రము చుట్టు చీమలు చేరుటను వారు గమనించిరి. అనగా ఆ కాలమున ప్రయోగశాల పని చీమ చేసినదన్నమాట. సుశ్రుత సంహితయందు పుట్టుకతో వచ్చునదియు, అపథ్యము వలన వచ్చునదియు అని రెండు విధములు చెప్పబడినవి. మొదటిది కృశించిన వానియందు, రెండవది స్థూలకాయునియందు కానవచ్చునని కూడ చెప్పబడినది. నేటి వైద్యులు చేయు విభజనకు ఇది మిక్కిలి దగ్గరగా నున్నది. కాని చీమ సాక్ష్యమునకు ఒక లోపము కలదు. మూత్రమున చక్కెర దిగునప్పటికి రోగము బలియుచుండును. 1908వ సంవత్సర ప్రాంతమున అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు స్టాన్లీ బెనెడిక్టు కనిపెట్టిన నీలి ద్రావకమునకును ఇదే లోపము. మూత్రము కలిపి కాచినప్పుడు ఆ నీలిరంగు ఆకుపచ్చగ, పసుపుగ, తుదకు ఇటుకరంగుగ మారును. మన ఆసుపత్రులలో పాతతరము వారు ఈ పరీక్షనే ఎరుగుదురు.

రక్తపుపోటు కథ వేరు. దానికి చీమలవంటి సాక్షులు కూడ లేరు. నాడి పట్టి చూచిన వైద్యుడు బిగువును ఊహించగలడే గాని కొలువలేడు. మొదట కొలిచినవాడు వైద్యుడు కాదు, ఇంగ్లాండులోని స్టీఫెన్ హేల్స్ అను మతగురువు. ఆయన ఒక గుర్రపు ధమనికి గాజుగొట్టమును అమర్చి, నెత్తురు అందులో 8 అడుగుల 3 అంగుళముల ఎత్తునకు ఎగబ్రాకుటను చూచెను. ఈ వృత్తాంతము 1733లో గ్రంథరూపమున వెలువడినది. అయితే మనిషి రక్తనాళమును కోసి గొట్టము పెట్టుట సాధ్యమా? అందుచేత మరి నూట అరువదేండ్లకు పైగా ఆ విద్య మనుష్యుల కక్కరకు రాలేదు. 1896లో ఇటలీ దేశపు వైద్యుడు రివా రోచ్చీ భుజమునకు చుట్టు గాలిపట్టీని, పాదరసపు గొట్టమును జతపరచెను. 1905లో రష్యా శస్త్రవైద్యుడు కొరొత్కోవ్ ఆ పట్టీ క్రింద చెవిగొట్టము నుంచి వినినచో, గాలి వదలుచుండగా చప్పుడు మొదలగు చోట పై అంకెయు, చప్పుడు మాయమగు చోట క్రింది అంకెయు తెలియునని చూపెను. నేడు నిమ్మాడలో ఆరోగ్య కార్యకర్త చేతనున్న చిన్న బ్యాటరీ యంత్రమునకు పూర్వీకులు ఈ ముగ్గురే.

కొలత వచ్చినది గాని, కొలిచి చేయవలసినదేమో తెలియలేదు. వయస్సు ముదిరినకొలది పోటు పెరుగుట సహజమనియే అనేకులు భావించిరి. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంగతి ఇందుకు తార్కాణము. 1944 మార్చిలో ఆయనను పరీక్షించినప్పుడు రక్తపుపోటు 186, 108గా నుండెను. ప్రపంచమున మిక్కిలి బలవంతుడైన ఆ పాలకునికి ఇచ్చుటకు వైద్యులకడ సరియైన మందు లేకపోయెను. 1945 ఏప్రిల్ 12వ తేదీన మెదడులో రక్తనాళము చిట్లి ఆయన మరణించెను. మూడేండ్లకు, 1948లో, ఆ దేశమందలి ఫ్రామింగ్‌హామ్ అను చిన్న పట్టణమున 5,209 మంది స్త్రీ పురుషులను ఎన్నుకొని, ఏండ్ల తరబడి వారిని పరీక్షించుట ప్రారంభించిరి. ఎవరికి గుండెజబ్బు వచ్చినది, వారికి పూర్వము ఏ లక్షణములుండెను అని లెక్కలు కట్టిరి. అధిక రక్తపుపోటు, రక్తమున కొలెస్టరాలు, పొగత్రాగుట మొదలగునవి ముందుగా కానవచ్చు సూచనలని 1960వ దశకము నాటికి స్పష్టమైనది. మందులతో పోటును తగ్గించినచో పక్షవాతము, గుండె వైఫల్యము తగ్గునని కూడ 1967 నాటికి అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులలో రుజువైనది. రోగము వచ్చిన వానికి వైద్యము చేయుటయేగాక, రానున్న వానిని వెదకుట అను క్రొత్త ధర్మము ఆ విధముగా వైద్యశాస్త్రమునకు సంక్రమించినది.

ఇక మన పల్లెల కడకు వత్తము. గ్రామమును మొత్తముగా పరీక్షించు పద్ధతి మనకు క్రొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దమునందే మలేరియా తీవ్రతను తెలిసికొనుటకు వైద్యులు పిల్లలను వరుసగా నిలబెట్టి, కడుపు తడిమి, ఎందరికి బల్ల పెరిగినదో లెక్కించెడివారు. 1952లో సమాజాభివృద్ధి పథకముతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు వెలయ మొదలిడినప్పుడును, మలేరియా, మశూచి, క్షయ, ప్రసవ మరణములే వాని ముందున్న శత్రువులు. అది సబబే. ఇల్లంటుకొన్నప్పుడు చెదపురుగుల మాట ఎవరు తలతురు? 1970వ దశకమున భారత వైద్య పరిశోధనా మండలి దేశమున కొన్ని కేంద్రములలో మధుమేహపు లెక్కలు తీయగా, పల్లెలలో అది నూటికి ఒకటి, రెండుకు మించలేదు. పట్టణపు రోగమను అభిప్రాయమునకు ఆ లెక్క బలమిచ్చినది.

ఆ అభిప్రాయమును కదలించిన పరిశీలనలలో ముఖ్యమైనది మన తెలుగునాటనే జరిగినది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, సుమారు లక్షా ఎనుబదివేల జనాభాలో, 2003, 2004 సంవత్సరముల మధ్య పండ్రెండు నెలలలో సంభవించిన ప్రతి మరణమును నమోదు చేసిరి. పల్లెలో చనిపోయినవారికి డాక్టరు పత్రము ఉండుట అరుదు. కనుక తర్ఫీదు పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి పోయి, తుది దినములలో రోగి ఎట్లుండెనో, ఏ అవయవము పడిపోయెనో, ఎచ్చట నొప్పి వచ్చెనో బంధువులను నెమ్మదిగా అడిగి వ్రాసికొనిరి. వైద్యులు ఆ వ్రాతలను చదివి మరణ కారణమును నిర్ణయించిరి. మొత్తము 1,354 మరణములు. వానిలో సుమారు మూడవ వంతు గుండె, రక్తనాళముల జబ్బుల వలననే సంభవించెను. అంటువ్యాధుల వలన పోయినవారు నూటికి పండ్రెండుగురు మాత్రమే. అదే ప్రాంతమున ముప్పదేండ్లు దాటినవారిని పరీక్షింపగా, ఇంచుమించు ఎనమండుగురిలో ఒకరికి మధుమేహము కలదనియు, అట్టివారిలో సగము మంది ఆ సంగతి ఎరుగరనియు తేలెను. చెదపురుగు పల్లె ఇంటిలోనికి వచ్చి చాలకాలమైనది. ఎవరును దూలమును తట్టి చూడలేదు.

ఎందుచేత ఇట్లయినది? ఒక్క కారణమని చెప్పరాదు. ఆయుఃప్రమాణము పెరిగినది, పూర్వము నలువదవ యేటనే అంటువ్యాధికి బలియగువాడు నేడు అరువదవ యేటి వరకు బ్రదికి ఈ జబ్బుల పాలగుచున్నాడు. చోడి, గంటె తగ్గి తెల్లబియ్యము పెరిగినది. నాగలి, మోట, కావడి చేయించిన శ్రమను యంత్రములు తీసికొన్నవి. పొగాకు పోలేదు. ఉప్పు సంగతి చెప్పనక్కరలేదు; ఎండుచేప, ఊరగాయ లేని ముద్ద ఈ తీరమున అరుదు. 1988లో ప్రకటితమైన ఒక పరిశీలనయందు 52 చోట్ల పదివేల మందికి పైగా పరీక్షించి, ఉప్పునకును రక్తపుపోటునకును సంబంధము కలదని చూపిరి. దినమునకు అయిదు గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. నౌపడా మళ్ళలో ఉప్పును పండించువారికి ఉప్పు విలువ తెలియును. దాని మితమును తెలిసికొనుట మిగిలియున్నది.

రోగము పల్లెకు వచ్చినదని తెలిసెను. అయినను ప్రతివానికి రక్తము తీసి పరీక్షించుటకు డాక్టర్లెందరు, ధనమెంత? ఇక్కడనే కొలతపట్టీ రంగమున ప్రవేశించినది. 2005లో మద్రాసు నగరమందలి మధుమేహ పరిశోధకులు, డాక్టరు మోహన్ బృందము వారు, మన దేశస్థులకు తగిన ఒక మార్కుల పట్టికను ప్రకటించిరి. అందు సూదితో పని లేదు. నాలుగు సంగతులే చూతురు. వయస్సు, నడుము చుట్టుకొలత, ఒంటి శ్రమ, తల్లిదండ్రుల జబ్బు. మొత్తము నూరు మార్కులు. అరువది, అంతకు పైన వచ్చినవానికి ప్రమాదము హెచ్చు. ముప్పది నుండి ఏబది వరకు మధ్యమము. ముప్పదికి లోపు స్వల్పము. పాఠశాలలో మార్కులు పెరిగినకొలది సంతోషింతుము; ఇచ్చట తరిగినకొలది సంతోషింపవలెను.

ఒక ఉదాహరణము చూతము. అన్నదమ్ములను ఇద్దరిని ఊహింతము. అన్నకు 51 ఏండ్లు. నిమ్మాడ కూడలిలో కిరాణా దుకాణము. తమ్మునికి 42 ఏండ్లు. ఉద్దానమున ఒక ఊరికి ఇల్లరికము పోయి, కొబ్బరి దింపుచు, జీడితోటలలో త్రవ్వుచు బ్రదుకుచున్నాడు. తండ్రికి మధుమేహముండెను. అన్నకు వయస్సువలన 30 మార్కులు, నడుము 94 సెంటీమీటర్లు గనుక 10, రోజంతయు గల్లాకడ కూర్చుండుటవలన 30, తండ్రి జబ్బువలన 10, వెరసి 80. ప్రమాదము హెచ్చు; వెంటనే రక్తపరీక్ష చేయింపవలెను. తమ్మునికి వయస్సుకు 20, నడుము 82 గనుక సున్న, కష్టమైన శ్రమ గనుక సున్న, తండ్రివలన 10, వెరసి 30. అన్నతో పోల్చినచో తమ్మునికి ప్రమాదము తక్కువ, మధ్యమము మాత్రమే. పట్టిక చెప్పు మాట ఇది. ఈ తమ్ముని మనస్సున నుంచుకొందము. అతనితో మనకు మరల పని కలదు.

మనదేశమున ఈ జబ్బుల అదుపునకు జాతీయ కార్యక్రమము 2010లో కొన్ని జిల్లాలలో ప్రారంభమైనది. 2016 తరువాత ముప్పది యేండ్లు నిండిన ప్రతివారిని, రోగ లక్షణములున్నను లేకున్నను, పరీక్షింపవలెనను పద్ధతి వచ్చినది. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి వయస్సు, పొగాకు, మద్యము, నడుము కొలత, వ్యాయామము, కుటుంబపు జబ్బులు అడిగి ఒక పత్రము నింపును. నాలుగు మార్కులు దాటినవారిని ముందుగా పరీక్షకు పిలుతురు. రక్తపుపోటు 140, 90 అంకెలలో దేనిని చేరినను, పరగడుపున రక్తమున చక్కెర 126 చేరినను డాక్టరు చూడవలసినదే. ఒక్కసారి కొలిచి తీర్పు చెప్పరాదు. విశ్రాంతిగా కూర్చుండబెట్టి, వేరొక దినమున మరల కొలువవలెను. ఈ పనికి డాక్టరే కావలెనా యను ప్రశ్నకు కూడ గోదావరి గ్రామములే సమాధానము చెప్పినవి. 44 గ్రామములలో జరిగిన ఒక ప్రయోగమున, తర్ఫీదు పొందిన ఆరోగ్య కార్యకర్తలు ప్రమాదమున నున్నవారిని గుర్తించుటలో సమర్థులని 2012లో ప్రకటితమైనది. అయితే ఊరిలో చేసిన ఆరోగ్య ప్రచారము వలన ప్రజల తెలివిడియందు చెప్పుకోదగిన మార్పు కానరాలేదు. మాట ఒక్కటే చాలదని ప్రసంగము చేయువారు కూడ ఒప్పుకొనవలెను.

ఇప్పుడు తమ్ముని సంగతి. ఉద్దానపు మండలములలో, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి విపరీతముగా నున్నదని ఈ శతాబ్దపు తొలి దశాబ్దమున విశాఖపట్టణపు వైద్యులు గమనించిరి. ఆంధ్ర వైద్య కళాశాలలో మూత్రపిండ వైద్య ఆచార్యులైన డాక్టరు టి. రవిరాజు ఈ విషయమున మిక్కిలి కృషి చేసిరి. లోకమున మూత్రపిండములు చెడుటకు ముఖ్య కారణములు మధుమేహము, రక్తపుపోటు. ఆ రెంటిని పట్టుకొన్నచో మూత్రపిండములను కాపాడినట్లే యని వైద్యుల నమ్మకము. ఉద్దానమున ఆ నమ్మకము తలక్రిందులైనది. 2019లో ప్రకటితమైన పరిశీలనయందు 2,210 మందిని పరీక్షింపగా, సుమారు 18 శాతమునకు మూత్రపిండ వ్యాధి కలదని తేలెను. వారిలో పెక్కుమందికి మధుమేహము గాని, ఇతర సామాన్య కారణములు గాని కానరాలేదు. మరుసటి యేటి వేరొక పరిశీలనయందు ఈ నిష్పత్తి అయిదవ వంతును స్వల్పముగా మించెను. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతమునను, మధ్య అమెరికాలో చెరకుతోటల కూలీలయందును ఇట్టి వ్యాధియే కలదు. ఎండలో శ్రమ, నీరు, పురుగుమందులు, నొప్పి బిళ్ళలు అని అనేక అనుమానములు. కారణము నేటికిని నిర్ధారణ కాలేదు.

దీని భావమేమి? నడుము సన్నని, కష్టజీవియైన తమ్ముడు ఏ పట్టికలోను దొరకడు. అతని భుజమునకు పట్టీ చుట్టినచో అంకె సరిగా నుండవచ్చును. వ్రేలు గుచ్చి చూచినచో చక్కెర సరిగా నుండవచ్చును. ఆరోగ్యవంతుడని వ్రాసికొని కార్యకర్త వెడలిపోవును. లోపల మూత్రపిండములు సగము చెడియుండవచ్చును. అన్నను కాపాడిన పట్టిక తమ్ముని విడిచిపెట్టును. అందుచేతనే ఈ సీమలో పోటు, చక్కెర చూచుటతో తృప్తిపడరాదు. రక్తమున క్రియాటినిన్ అను పదార్థమును, మూత్రమున మాంసకృత్తును కూడ చూడవలెను. 2017లో సంచార వాహనములు ఉద్దానపు గ్రామములకు పోయి క్రియాటినిన్ పరీక్షలు చేసినది ఇందుకే. పరదేశమున పుట్టిన పట్టికకు మద్రాసు పట్టిక సవరణ వంటిది. మద్రాసు పట్టికకు ఉద్దానము మరియొక సవరణ చెప్పినది. ఏ నేల జబ్బును ఆ నేలయందే వెదకవలెను.

చివరగా, గుర్తించిన పిమ్మట యేమి? 1968లో విల్సన్, యుంగ్నర్ అను ఇద్దరు వైద్యులు ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్షమున ఒక చిన్న గ్రంథము వ్రాసి, రోగములను ముందుగా వెదకుటకు పది సూత్రములు చెప్పిరి. అందొకటి, కనుగొన్న రోగమునకు అంగీకృతమైన చికిత్స ఉండవలెననునది. పరీక్ష ఒకసారి చేసి ముగించునది కాక, నిరంతరము సాగవలెననునది మరియొకటి. మందు చూపక జబ్బు పేరు చెప్పుట, దారి చూపక వాన వచ్చునని చెప్పుటవంటిది. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలో కార్యకర్తలకు పలక కంప్యూటర్లిచ్చి చేసిన ప్రయోగమున, ప్రమాదమున నున్నవారిని గుర్తించుట చక్కగా సాగినను, రక్తపుపోటు అదుపులోనికి వచ్చినవారి సంఖ్యయందు చెప్పుకోదగిన భేదము కానరాలేదని 2019లో తేలినది. వెదకుట ఒక యెత్తు. నెలనెల మందు చేరుట, మ్రింగుట, మరల కొలుచుట మరియొక యెత్తు.

ఉద్దానమునకు కొంత అమరినది. 2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండ పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. హిరమండలము జలాశయము నుండి గొట్టముల ద్వారా త్రాగునీరు తెచ్చు పథకమును అదే దినమున ప్రారంభించిరి. పల్లెలకు 104 వాహనములు పోటు, చక్కెర మందులను తెచ్చుచున్నవి. పెద్ద ఆసుపత్రి ముదిరిన రోగికి అవసరము. ముదరకుండ చూచుట ఇంటి గడపయందే జరుగవలెను.

ఈసారి ఆశా కార్యకర్త కొలతపట్టీతో మీ గడప త్రొక్కినప్పుడు, నాకేమి జబ్బులేదమ్మా యని పంపివేయకుడు. జబ్బున్నవారి కొరకు ఆమె రాలేదు. లేదనుకొనువారి కొరకే వచ్చినది. పొగాకు సంగతి, మద్యము సంగతి దాచక చెప్పుడు. ఒంటినొప్పులకు దుకాణమున కొని మ్రింగు బిళ్ళల సంగతి ఆమె అడుగకున్నను మీరే చెప్పుడు. అవి మూత్రపిండములకు చేటు. ఉద్దానము వారైనచో క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడని మీరే అడుగుడు. ఇంట దుకాణదారుడైన అన్న కొలత ముగిసిన పిమ్మట, తోట నుండి తమ్ముడు వచ్చువరకు ఆమెను కొంచెము కూర్చుండుమనుడు.